ఆర్యా! కాస్త మోకు దించండి

పోయిన నెల ఈ కాలమ్‌లో ‘బంతి ఇప్పుడు ప్రభుత్వం కోర్టులో ఉంది’ అని రాసి, నా వాక్యానికి నేనే మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే కలకత్తా ఖిదిర్‌పూర్ నుంచి మావయ్య ఫోను.

“ఏరా అల్లుడూ, ఏ కోర్టు? అలీపూరా, సియాల్దానా?”

“ఆ కోర్టు కాదు మావయ్యా. టెన్నిస్ కోర్టు.”

“గవర్నమెంటోళ్లు టెన్నిస్ ఎప్పుట్నుంచి ఆడతన్నారు?”

జవాబు లేదు. మా వృత్తిలో ఇలాంటి వాక్యాలు బుర్రతో రాయం, చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. రెంటచింతల ఎండలో చెమటలు కక్కుతూ ‘ఇది మంచుకొండ కొస మాత్రమే’ అని వార్త పంపినవాళ్లం మేము. ‘గదిలో ఏనుగు’ను డెస్కులో ముగ్గురం కలిసి తెలుగులోకి తోలాం. పాఠకుడు గదంతా వెతుక్కుని ఊరుకున్నాడు. అన్నీ ఇంతే అనను. మొసలి కన్నీరు చూడండి, ఇల్లరికపుటల్లుడిలా వచ్చి హాయిగా కుదురుకుంది, ఇంటిపేరు అడిగేవాళ్లే లేరు. మిగతావి మాత్రం పెళ్లివారితో వచ్చి, పెళ్లయి ఏడాదైనా తిరిగి వెళ్లని బంధువులు.

మావయ్యది శ్రీకాకుళం జిల్లా. 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాకులో ముప్పై ఏళ్లు ఓడల మోకులు లాగి రిటైరయ్యాడు. చదివింది మూడో తరగతి. ఆయన మనవడు కేంద్రప్రభుత్వ గుమాస్తా కొలువు కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకు చదువుతున్నాడు. ఆ పరీక్షలో ఇడియమ్‌కు ఇచ్చిన నాలుగు అర్థాల్లో సరైనది గుర్తించాలి. ఫైళ్లు కట్టడానికి ఇడియమ్ ఎందుకని అడక్కండి. ఫైలు కట్టే తాడు గురించి ప్రశ్న ఉండదు కానీ ‘నో ద రోప్స్’ అంటే ఏమిటని ఉంటుంది.

నేను మావయ్య ఇంటికి వెళ్లిన రోజు కుర్రాడు సరిగ్గా అదే వల్లె వేస్తున్నాడు. “నో ద రోప్స్ అంటే పనిలో మెళకువలు తెలిసుండడం.” మావయ్య అరచేతులు చాపి చూసుకున్నాడు. తెరచాప ఓడలో ఏ తాడు దేన్ని లాగుతుందో నేర్చుకోవడమే తెల్లవాడి నావికులకు మొదటి పాఠం, మాట అక్కణ్నుంచి పుట్టిందంటారు. ‘త్రీ షీట్స్ టు ద విండ్’ అంటే తప్పతాగడం అని కుర్రాడికి తెలుసు. షీటంటే దుప్పటి అనుకుంటున్నాడు పాపం. ఓడ మీద షీటంటే తెరచాప కొసను బిగించే తాడు. మూడు తాళ్లూ వదులైతే ఓడ తూలుతుంది. కల్లుపాక దగ్గర మనకు ఈ నిఘంటువు అక్కర్లేదనుకోండి.

అసలు కథ ‘బిట్టర్ ఎండ్’ది. కుర్రాడు దీనికి ‘చివరి వరకు’ అని అర్థం రాసుకుని, తనివి తీరక వాడేశాడు కూడా. వాళ్ల పేట ఉగాది సంబరాలకు ఇంగ్లీషు ఆహ్వానం రాసే పని వీడికి అప్పగించారట. ‘మీరు బిట్టర్ ఎండ్ దాకా ఉండి జయప్రదం చేయ ప్రార్థన’ అని రాశాడు. ఎంత కష్టమైనా పళ్లబిగువున ఆఖరిదాకా భరించడం అని ఇంగ్లీషువాడి భావం. కార్యక్రమంలో మూడు ఉపన్యాసాలు ఉన్నమాట నిజమే కనుక ఆహ్వానంలో అబద్ధమేమీ లేదు. పెద్దలు మాత్రం వేపపువ్వు పచ్చడి ఈసారి ఆఖర్న పెడతారు కాబోలనుకుని ఆలస్యంగా వచ్చారు.

“బిట్టరంటే చేదు కాదురా,” అన్నాడు మావయ్య. “ఓడ మీద మోకు చుట్టే గుంజల్ని బిట్టులంటారు. ఆ బిట్టు కాడ మిగిలే కొస అది. మోకు అక్కడిదాకా వచ్చీసిందంటే ఇక వదలడానికి ఏటీ లేదు.”

మావయ్య పుస్తకం చూడలేదు. 1627లో కెప్టెన్ జాన్ స్మిత్ నావికుల కోసం అచ్చేయించిన ‘ఎ సీ గ్రామర్’లో దాదాపు ఇదే ఉంది. బిట్టులు ఎరిగిన తాతకు బిట్ పేపర్ రాయనివ్వరు. బిట్ పేపర్ రాసే మనవడు బిట్టును కంటితో చూడలేదు.

కుర్రాడికి పౌరుషం వచ్చింది. “మరి టైమ్ అండ్ టైడ్ వెయిట్ ఫర్ నన్, దీనికేమంటావు తాతా?”

“టైడంటే పోటే కదా? మా డాకులో లాక్‌గేటు మూసీసినామంటే హుగ్లీ పోటునీళ్లు లోపల ఆగే ఉంటాయి. మేం తెరిచిందాకా ఎక్కడికి పోతాయి?”

మావయ్య పక్షాన నేనొక ముక్క చేర్చాలి. ఆ సామెతలో టైడ్‌కు సముద్రంతో సంబంధమే లేదు. పాత ఇంగ్లీషులో టైడంటే కూడా కాలమే. ఒకే మాటను రెండుసార్లు చెప్పి వందల ఏళ్లుగా గంభీరంగా తల ఊపుతున్నారు.

ఇంతా చేసి, ఈ నేర్చుకోవడం ఒకవైపే సాగలేదు. ఓడల్లోని మన కలాసీలకు ఆజ్ఞ ఇవ్వాలంటే కలాసీల మాట రావాలి కనుక 1811లో థామస్ రోబక్ అనే దొర కలకత్తాలోనే నౌకా నిఘంటువు అచ్చేశాడు. దొరలు మన ఓడమాటల్ని బట్టీ కొట్టారు. ఎవరూ మార్కులు వేయలేదు, తప్పు పలికితే బరువు నెత్తిన పడేది. ఆ మాటల్లో కొన్ని ఇంకా క్రేన్ల కింద బతికే ఉన్నాయి. బరువు లేపడానికి ‘హాబీస్’, దించడానికి ‘ఆర్యా’. రెండోది పోర్చుగీసు నావికుల ‘అర్రియార్’, అంటే దించడం.

“ముప్పయ్యేళ్లు ఆర్యా ఆర్యా అని అరిచినాను,” అన్నాడు మావయ్య. “మీ అత్తేమో డాకులో అందరూ మర్యాదస్తులని సంబరపడీది.”

ఈ కాలమ్ పంపిన గంటకు డెస్కు నుంచి ఫోనొచ్చింది. శీర్షికలో ‘ఆర్యా’ మరీ గ్రాంథికంగా ఉందట. ‘సార్’ అని మార్చమంటారా అని అడిగారు. వద్దన్నాను. ఆలోచిస్తామన్నారు, బంతి ఇప్పుడు వాళ్ల... సరే, అలీపూర్‌లో ఉంది.