ఇంకో ఐదు వేలు పెట్టు తమ్మీ

దేశానికి ఎంతమంది ఆర్థిక సలహాదారులున్నా, ఉస్మానియా హాస్టల్ కుర్రాడి బడ్జెట్‌ను తిరగరాసేది ఒకటే మాట: "ఇంకో ఐదు వేలు పెట్టు తమ్మీ, మస్తుంటది." కంప్యూటర్ దుకాణంలో అడిగినా ఇదే జవాబు. యూట్యూబ్‌లో పేదోడి గేమింగ్ పీసీ అంటూ గొంతు చించుకునే అన్నను అడిగినా ఇదే జవాబు. పక్క గదిలో ఎంటెక్ చదివే సీనియర్‌ను అడిగితే కాసేపు ఆలోచించి, గడ్డం గోక్కుని, అదే జవాబు చెబుతాడు. ఏ విషయం మీదా నాలుగు సంఘాలకు పొత్తు కుదరని క్యాంపస్‌లో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇదొక్కటే.

కుర్రాడి దగ్గర ఉన్నది 40 వేలు. పత్తి అమ్మిన డబ్బులోంచి తండ్రి తీసిచ్చింది కొంత, హబ్సిగూడలో బడి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టింది కొంత. స్కాలర్‌షిప్‌ను ఇందులో కలపలేదు. అది ఇంకా రాలేదు. తండ్రిని ఒప్పించిన సంభాషణ కూడా రికార్డుకెక్కాల్సిందే.

"నాయినా, ప్రాజెక్టుకు కంప్యూటర్ కావాలె."

"కాలేజీల ఉండయా బిడ్డా?"

"ఉంటయ్. గ్రాఫిక్స్ కార్డు ఉండదు."

"గదేం జేస్తది?"

"బొమ్మ మంచిగ కనవడ్తది నాయినా."

"బొమ్మ కనవడనీకి నలభై వేలా?"

ఆ రైతు అడిగిన ఈ ప్రశ్నను ఇప్పటిదాకా ఏ టెక్ విశ్లేషకుడూ ఇంత సూటిగా అడగలేదు.

తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్ లేన్ నడిచిపోయేంత దూరం. అక్కడే చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే మనందరి సీటీసీ. ఆ మెట్లెక్కేటప్పుడు మనవాడు బలిచక్రవర్తి. జేబులో 40 వేలున్నాయి, దానం చేసే ఊపులో ఉన్నాడు. కౌంటర్ వెనకున్న వామనుడు అడిగేదెంత, మూడడుగులే. మొదటి అడుగు ప్రాసెసర్, బోర్డు మీద పడుతుంది. రెండో అడుగు గ్రాఫిక్స్ కార్డు మీద. దాంతో 40 వేలూ చెల్లు. ర్యామ్, ఎస్సెమ్పీఎస్, క్యాబినెట్, మానిటర్ అనే మూడో అడుగు ఎక్కడ పెట్టమంటావు తమ్మీ అంటే, బలి తన తల చూపించాడు గానీ వీడు వాళ్ల నాన్న తల చూపిస్తాడు.

లెక్క వేసుకోండి. ఎన్విడియా 2025 మే నెలలో ఆర్టీఎక్స్ 5060 అనే కార్డు తెచ్చింది. ఆ వరసలో సామాన్యుడి కోసమని చెప్పుకున్నది. అమెరికాలో దాని ధర 299 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 25,415. దాని మీద 18 శాతం జీఎస్టీ. 30 వేలకు ఓ పది రూపాయలు తక్కువ. డీలరు ఇంకా చెయ్యి పెట్టనే లేదు. 40 వేలల్లో సామాన్యుడి కార్డు పోగా మిగిలిన 10 వేలతో మిగతా కంప్యూటరంతా కొనుక్కోవాలి. మానిటర్ లేకపోయినా ఫరవాలేదనుకుంటే సరిపోవచ్చు. బొమ్మ మంచిగా కనపడుతుందన్నారు గానీ, ఎక్కడ కనపడుతుందో చెప్పలేదు.

ఇక ఖజానా సంగతి. కంప్యూటర్ విడిభాగాలకు 18 శాతం పన్ను. బంగారానికి 3 శాతం. సానబట్టిన వజ్రానికి ఒకటిన్నర శాతం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 184 కేరట్ల పైచిలుకు జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవాడని ప్రతీతి. 1918లో ఆయన స్థాపించిన విశ్వవిద్యాలయంలో చదివే పిల్లవాడు ఇవాళ గ్రాఫిక్స్ కార్డు కొంటే, ఆ పేపర్‌వెయిట్ లాంటి దానికి పడే పన్ను శాతానికి సరిగ్గా పన్నెండింతలు కట్టాలి. మొన్న 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీని సవరించారు కదా, చిన్న కార్లను 28 శాతం నుంచి 18కి దించారు. ఏసీలను దించారు. పెద్ద టీవీలను దించారు. ఆ పండగలో కుర్రాడి కార్డు ఉన్నచోటే ఉండి, పైనుంచి దిగొచ్చిన కార్లకు జరిగి చోటిచ్చింది. ఇప్పుడు హాస్టల్ గదిలోని కంప్యూటరూ, వీధి చివర ఇంటివాళ్ల కారూ పన్ను దగ్గర ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. సామ్యవాదం అంటే ఇదే కాబోలు.

కొత్తది దక్కదని తేలాక సెకండ్ హ్యాండ్ బజారే గతి. వ్యాపారమంతా ఇక్కడే చిక్కగా ఉంటుంది.

ముందు వినిపించేది "ఐ5 ఉంది, ఐ5" అనే మంత్రం. ఏ ఐ5? ఇంటెల్ 2009 నుంచీ ఐ5 పేరుతో ప్రాసెసర్లు అమ్ముతూనే ఉంది. నాలుగో తరం ఐ5 2013 నాటిది. అది బయటికొచ్చిన ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ట్యూషన్‌కి వచ్చి వీడి దగ్గరే లెక్కలు నేర్చుకుంటున్నారు. దుకాణంవాడు తరం చెప్పడు. మనం అడిగితే మొహమాటపడి, "పనితనం చూడు తమ్మీ, నంబర్లెందుకు" అంటాడు. నంబర్లెందుకో మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. దాంతో ఆఫీసులు పాత డబ్బాలను వదిలించుకున్నాయి. బ్యాంకు గుమాస్తా పదేళ్లు వడ్డీలు లెక్కగట్టిన ఆ డబ్బానే తుడిచి, పక్కన డ్రాగన్ బొమ్మ అంటించి, గేమింగ్ పీసీ అంటారు.

అందులో కార్డు వేసుకుందామంటే, ఆ సన్న డబ్బాల్లో ఉండే ఎస్సెమ్పీఎస్ 240 వాట్లో, 255 వాట్లో. పైగా కంపెనీ సొంత కొలతలది, బయటిది పట్టదు. నిలువునా సగం ఎత్తున్న కార్డులే దూరతాయి. 75 వాట్లు మించకుండా, వేరే వైరు అడగకుండా నడిచే జీటీఎక్స్ 1650 లాంటిది, అదీ పొట్టి రకం దొరకాలి. మామూలు రకం కంటే పొట్టిదానికి ఎక్కువ అడుగుతారు. సన్నగా ఉన్నందుకు కూడా ఇక్కడ జరిమానా.

సరే, పెద్ద క్యాబినెటే తీసుకుని కార్డు పాతది కొందామంటారా? పాత కార్డుల చరిత్ర వినండి. 2022 సెప్టెంబర్ 15 దాకా ప్రపంచమంతటా లక్షల కార్డులు ఎథీరియమ్ నాణేలు తవ్వుతూ రాత్రింబవళ్లు కాలాయి. ఆ రోజున ఎథీరియమ్ పద్ధతి మార్చుకుంది, తవ్వకం ఆగింది. గనిలో పనిచేసి రిటైరైన ఆ కార్డులన్నీ మూటల్లో దేశదేశాల బజార్లకు దిగాయి. ఉబ్బసంతో ఉన్న ఆ ఫ్యాన్లను చూపించి "ఒక్క ఓనర్, ఇంట్లో వాడింది" అని అమ్మేవాణ్ణి చూశాను. ఇంట్లోనే వాడారు, నిజమే. ఆ ఇంట్లో అలాంటివి ఇంకెన్నున్నాయో చెప్పలేదు.

ఇంకో కథ ఆర్‌ఎక్స్ 580ది. 2017లో వచ్చిన అసలు కార్డులో చిన్నచిన్న లెక్కలు చేసే యూనిట్లు 2304. మరుసటేడు చైనా మార్కెట్ కోసమని ఇంకో రకం వచ్చింది. పేరు అదే 580, లోపల 2048. అంటే 570కి 580 అని బారసాల చేశారు. ఇప్పుడు మన దగ్గర చవగ్గా దొరికే 580లలో ఈ పేరు పెట్టుకున్న బిడ్డలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వీటికన్నా ఘనులు కొందరున్నారు. పదేళ్ల కిందటి పాత కార్డు బయోస్ మార్చేసి, కొత్త కార్డు పేరు రాసి అమ్ముతారు. విండోస్ కూడా ఆ పేరే నమ్మి చదువుతుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే అలాంటి చాలావాటి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. బయానా ఇచ్చే ముందు పెన్‌డ్రైవ్‌లో అది పట్టుకెళ్లినవాణ్ణి చూసి అమ్మేవాడు, "నమ్మకం లేకపోతే వ్యాపారమెట్ల తమ్మీ" అని నొచ్చుకుంటాడు. నొచ్చుకోనివ్వండి.

ఎస్సెమ్పీఎస్ దగ్గర ప్రతివాడూ పొదుపరి అవుతాడు. కార్డుకి 20 వేలు పోసినవాడు దానికి కరెంటిచ్చే డబ్బాకి 600 పోస్తాడు. స్టిక్కర్ మీద 450 వాట్లని రాసుంటుంది. స్టిక్కర్ అచ్చేయడానికి ఎన్ని వాట్లు కావాలో అన్నీ ఉంటాయి దాంట్లో. చేత్తో ఎత్తి చూస్తే తేలిగ్గా గాలికి లేచేలా ఉంటుంది, ఎందుకంటే లోపల ఉండాల్సిన బరువైన సరుకు సగం లేదు. వేసవిలో ఓ రాత్రి ఢామ్మంటుంది. పోతూపోతూ బోర్డునీ కార్డునీ సహగమనం చేయిస్తుంది. ఇంత చెప్పినా వినరు, ఎందుకంటే అందులో మిగిల్చిన డబ్బుతో ఆర్‌జీబీ ఫ్యాన్లు కొనాలి. ఎర్ర, పచ్చ, నీలం రంగుల్లో తిరిగే ఆ లైట్లు ఆటను ఒక్క ఫ్రేము కూడా పెంచవు. కాకపోతే హాస్టల్ వరండాలోంచి చూసేవాళ్లకు బతుకమ్మలా కళకళలాడుతూ కనిపిస్తాయి, అదీ ఓ పుణ్యమే.

మధ్యలో నీతులు చెప్పే పెద్దమనుషులు తగులుతారు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్ చేసే అంకుల్ ఒకాయన, "చదువుకునే వయసులో ఆటలేంటోయ్" అన్నాడు. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. అయినా ఆయన ఫోన్ తాను తెలంగాణలో లేనని చాలాకాలం వాదించేది. 2025లో కేంద్రమే డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చేదాకా ఆయన చదువు సాగుతూనే ఉంది. ఆ కుర్రాడి కంప్యూటర్ మీద పగలు ఎవరిదో థీసిస్ టైపవుతుంది, సాయంత్రం గ్రూప్-2 దరఖాస్తులు నిండుతాయి, పక్క హాస్టల్ పిల్ల ప్రాజెక్టు బొమ్మలు తయారవుతాయి. ఆటకు మిగిలేది అర్ధరాత్రి. ఆ కాస్త ఆట కూడా సమాజానికి కంటగింపు.

ఇవన్నీ దాటుకొచ్చాక ర్యామ్ దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతున్నాయి. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధర రెట్టింపు దాటిపోయింది. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ, ఆ వ్యాపారమే మానేస్తున్నామని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్లుండగా తార్నాక బేరగాడెందుకు? ఆ మైక్రాన్‌కి మన హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ కేంద్రముంది. ఇంటెల్‌కుంది, ఏఎండీకుంది. తార్నాకలో ఎక్కిన బ్లూ లైన్ మెట్రో దిగకుండా కూర్చుంటే హైటెక్ సిటీ చేరుస్తుంది. ఇటు చూస్తే ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసి అమ్మింది. ఊరికి ఆ చివర చిప్పులు గీస్తారు, ఈ చివర యాభై ఏళ్లకు ముందే కంప్యూటర్లు చేయడం మొదలుపెట్టారు, మధ్యలో ఉన్నవాడికి 16 జీబీ ర్యామ్ దక్కదు. అక్కడికీ మనవాడు సెమిస్టర్ సెమినార్‌లో కృత్రిమ మేధతో సామాన్యుడికి మేలు అనే అంశం మీద మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇంత తంటా ఏ ఆట కోసమని అడిగితే జీటీఏ 6 అంటాడు. 2026 నవంబర్ 19న విడుదలని చెప్పారు, ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ. పీసీ ఊసు ఆ ప్రకటనలో లేదు. ఈ ముక్క నేను చెప్పలేదు వాడికి, మీరూ చెప్పకండి.

చివరికి దారి దొరికింది క్యాంపస్‌లోనే. ఏటా హాస్టళ్లు ఖాళీ అయ్యే రోజుల్లో చదువైపోయిన సీనియర్లు సిస్టమ్‌లు అమ్ముకుంటారు. దుకాణం కంటే ఇదే మేలు. మనిషి తెలుసు, బిల్లుంటుంది, వారంటీ ఎంత మిగిలిందో తెలుస్తుంది, గంటసేపు ఆట నడిపి వేడి ఎంతకెక్కుతుందో చూసుకోవచ్చు. మనవాడికి తగిలిన సీనియర్‌కు హైటెక్ సిటీలో ఉద్యోగమొచ్చింది, డేటా సెంటర్ల పనే. కార్డు ఆర్‌ఎక్స్ 6600, ఎస్సెమ్పీఎస్ మంచి కంపెనీది, మానిటర్‌తో కలిపి 34 వేలన్నాడు. గంట కాదు, రెండు గంటలు ఆడి చూశారు. ఎక్కడా తడబడలేదు. బేరం కుదిరి డబ్బు చేతులు మారాక సీనియర్ క్యాబినెట్ పక్క తలుపు తీసి, లోపలున్న రెండు ర్యామ్ స్టిక్కులూ ఊడదీసి, గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నా, గవి?"

"ఇవి ఉండనియ్ తమ్మీ. చెల్లె పెండ్లికి పనికొస్తయ్."