సముద్రం దాటి చరిత్ర చదవబోయేవారికి పది దివ్యమైన సలహాలు

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు అమీర్‌పేటలో అడుగడుక్కీ ఒక కన్సల్టెన్సీ ఉంది. ఏ యూనివర్సిటీకి ఎంత స్కోరు కావాలో, వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో, పెట్టెలో ఆవకాయ ఎలా సర్దాలో చెప్పడానికి సీనియర్లున్నారు. విదేశాలకెళ్లి హిస్టరీ చదువుతానన్న పిల్లకో పిల్లాడికో సలహా చెప్పే నాథుడే లేడు. "హిస్టరీకి అంత దూరమా?" అని బుగ్గలు నొక్కుకునేవాళ్లే అంతా. ఆ లోటు తీర్చడానికే ఈ పది సలహాలు. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే చరిత్ర ఒంటికి అంటకుండా డిగ్రీ చేతికొస్తుంది.

అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: ఎట్టి పరిస్థితుల్లోనూ మీ దగ్గర ప్రశ్న ఉండకూడదు. "ఫలానా సంగతి ఎందుకలా జరిగింది?" అని ఒక్కసారి బుర్రలో పడిందా, ఏ కాగితాలు, ఏ భాష, ఏ గురువు, ఏ ఊరు అంటూ పనిమీద పని పుట్టుకొస్తుంది. ఉట్టి చేతులతో వెళ్లడమే సుఖం.

1. దేశాన్ని చుట్టాలను బట్టి ఎంచుకోండి

బాబాయి డాలస్‌లో ఉంటే అమెరికా, పిన్ని కూతురు బర్మింగ్‌హామ్‌లో ఉంటే బ్రిటన్. మీకు కావలసిన కాగితాలు ఎక్కడున్నాయో మాత్రం అడక్కండి. పదిహేడో శతాబ్దపు మచిలీపట్నం మీద మీకు మోజుందనుకుందాం. మన తీరంలో బట్టలు కొనడానికి మకాం వేసిన డచ్చి కంపెనీ 1602లో పుట్టింది. దాని ఉత్తరాలు, లెక్కలు, ఓడల జాబితాలు నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ కంపెనీ కాగితాల అరలు వరసగా పేరిస్తే కిలోమీటరు దాటుతాయి. అక్కడికి పావుగంట రైలు దూరంలో 1575 నాటి లైడెన్ విశ్వవిద్యాలయం. ఆ గొలుసుకట్టు డచ్చి రాత చదవడం అక్కడ నేర్చుకోవచ్చు. అయితే మాత్రం? హేగ్‌లో మనవాళ్లెవరున్నారని?

డాలస్ వెళ్లినా ఒక గండం ఉంది. శాసనాలు జల్లెడపట్టి కాకతీయుల కాలపు ఆంధ్రదేశం మీద 2001లో పుస్తకం తెచ్చిన సింథియా టాల్బట్ పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో ఉంది. కారులో మూడు గంటలు. పొరపాటున సరైన చోటికి చేరే ప్రమాదం ఉంది కనుక శని, ఆదివారాల్లో అటువైపు వెళ్లకండి.

2. ర్యాంకు చూడండి, మనిషిని చూడకండి

ప్రపంచ ర్యాంకుల పట్టిక తీసి పైనుంచి కిందికి దరఖాస్తు పెట్టుకుంటూ పోండి. అక్కడ మీ విషయం తెలిసినవారు ఒక్కరైనా ఉన్నారా అని చూడటం చాదస్తం. దక్కన్ సామాజిక చరిత్ర రాసిన రిచర్డ్ ఈటన్ పనిచేసింది అరిజోనా ఎడారిలో. కృష్ణదేవరాయల కథ చెప్పే రాయవాచకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్ పనిచేసింది వెస్లియన్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో. వెల్చేరు నారాయణరావు ఏళ్ల తరబడి తెలుగు సాహిత్యం చెప్పింది మంచు కురిసే విస్కాన్సిన్‌లో. ర్యాంకుల పట్టిక ఈ సంగతులేవీ చెప్పదు. చెప్పనిదాన్ని మీరెందుకు తవ్వడం?

అలాగే, అమెరికాలో చాలా పరిశోధనా విశ్వవిద్యాలయాలు హిస్టరీ పీహెచ్‌డీకి ఎంఏ లేకపోయినా తీసుకుంటాయి. ఫీజు మాఫీ చేసి, అయిదేళ్ల పాటు నెలనెలా భత్యం ఇచ్చి, బదులుగా పాఠాలు చెప్పించుకుంటాయి. ఈ ముక్క ఇంట్లో పొక్కనివ్వకండి. ముందు పొలం తాకట్టు పెట్టి బ్రిటన్‌లో ఏడాది ఎంఏ చేసి, ఆ తర్వాత తీరిగ్గా తెలుసుకోండి.

3. ఎస్‌ఓపీ గోల్కొండలో మొదలుపెట్టండి

ప్రవేశాల కమిటీలో కూర్చునేవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో వందలకొద్దీ ఎస్‌ఓపీలు, అంటే ఎందుకు చదువుతామో చెప్పుకునే వ్యాసాలు, చదువుతారు. వాళ్లకి విసుగు పుట్టకుండా, అందరూ రాసేదే మీరూ రాయండి. ఈ నమూనా వాడుకోవచ్చు:

"చిన్నతనం నుంచీ నాకు చరిత్రంటే ప్రాణం. ఏడో తరగతిలో గోల్కొండ విహారయాత్రకు వెళ్లినప్పుడు ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే బాలాహిస్సార్‌లో వినిపించింది. ఆ చప్పట్లే నన్ను మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయానికి పిలుచుకొచ్చాయి. గతం తెలియనివాడికి భవిష్యత్తు లేదు."

చప్పుడు అంత దూరం ఎందుకు వినిపిస్తుంది, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాడు ఎవరు, వాడికి జీతం ఎవరిచ్చేవారు అని రాశారా, చెడ్డారే. అది ప్రశ్న కిందికి వస్తుంది.

రైటింగ్ శాంపిల్‌గా ఇరవై పేజీలు అడిగితే డిగ్రీ మూడో ఏడు ప్రాజెక్టు పంపండి. జిరాక్స్ షాపువాడు కట్టిన స్పైరల్ బైండింగ్‌తో సహా స్కాన్ చేస్తే ఇంకా నిండుగా ఉంటుంది. సిఫారసు లేఖలు మీ వ్యాసాలు చదివిన లెక్చరరు దగ్గర తీసుకోకండి. మీ మొహం ఎరగని ప్రిన్సిపాల్ దగ్గర తీసుకోండి. "మీరే రాసుకురండి, సంతకం పెడతా" అనే పెద్దమనసు ఆయనదే.

4. ప్రొఫెసర్లకు మూకుమ్మడి మెయిల్ కొట్టండి

నలభై మందికి ఒకే మెయిల్, అందరి అడ్రసులూ అందరికీ కనబడేలా. మొదటి వరసలో "రెస్పెక్టెడ్ సర్", గ్రహీత ఆడమనిషైనా సరే. వాళ్లు రాసిన పుస్తకం పేరెత్తొద్దు, ఎత్తితే చదివారనుకుంటారు. మూడో రోజుకి జవాబు రాకపోతే "కైండ్ రిమైండర్" పంపండి. అయిదో రోజున వాట్సాప్ నంబరు వెతకండి.

5. స్కాలర్‌షిప్ గడువులు ఫలితాలొచ్చాక చూడండి

పెద్ద స్కాలర్‌షిప్‌ల గడువులు చాలావరకు ముందు ఏడాది అక్టోబరు, జనవరి మధ్యలోనే ముగుస్తాయి. మీరు మాత్రం మే నెలలో మార్కుల మెమో చేతికొచ్చాక నెమ్మదిగా మొదలుపెట్టండి. నిబంధనలు అసలే చదవకండి. చదివితే గుండె చెరువవుతుంది. దళిత విద్యార్థులు, సంచార జాతులవారు, భూమిలేని కూలీల పిల్లలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలు విదేశాల్లో చదవడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఒకటుంది. 2022లో దాని నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక పరిశోధన ఈ పథకం కిందికి రావన్నారు. తన తాతముత్తాతల వెట్టి గురించి లండన్‌లో పరిశోధిస్తానన్న పిల్ల ఏం చేయాలి? రోమన్ సామ్రాజ్యం మీద ఆసక్తి పెంచుకోవాలి. ప్రభుత్వానికే లేని పట్టింపు మనకెందుకు?

"జర్మనీలో చదువు ఉచితం" అన్న మాట కూడా పూర్తిగా నమ్మండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేని మాట నిజమే. కానీ ఖర్చులకు సరిపడా డబ్బు ముందే అక్కడి ఖాతాలో వేసి స్తంభింపజేస్తేనే వీసా. 2024 సెప్టెంబరులో ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలకు చేరింది. పైగా దక్షిణాసియా చదువులకు పేరున్న హైడెల్‌బర్గ్ ఉన్న రాష్ట్రం 2017 నుంచి మనబోటివాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. ఇవి నాన్నగారికి విమానం టికెట్టు కొన్నాక చెప్పండి.

6. ఉద్యోగం సంగతి గంభీరంగా దాటేయండి

"చదివాక ఏం చేస్తావు?" అని పెళ్లిళ్లలో అడుగుతారు. "కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జ్‌లో చరిత్రే చదివారు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు" అని చెప్పి, వాళ్లు తేరుకునేలోపు భోజనాల బంతి వైపు నడవండి.

అమెరికాలో చదువయ్యాక 12 నెలలు పనిచేయనిస్తారని, ఇంజినీరింగ్, సైన్సు, లెక్కలవాళ్లకు మరో 24 నెలలు పొడిగిస్తారని, ఆ పొడిగింపు హిస్టరీకి లేదని ముందే తెలుసుకుంటే నిద్ర పట్టదు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మామూలు ఎంఏకి వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లడానికి లేదు. కాబట్టి బయల్దేరే వారం ముందు ముహూర్తం పెట్టించుకోండి. కొత్త కాపురం వీడియో కాల్‌లో కళకళలాడుతుంది.

7. కొత్త భాష జోలికి పోకండి, పాత తెలుగు అసలే వద్దు

కుతుబ్‌షాహీల మీద పనిచేయడానికి పారశీకం ఎందుకు? ఇంగ్లీషులో ఎవరో ఒకరు రాసే ఉంటారు. తెలుగంటారా, అది అమ్మ ఒడిలో వచ్చిందే. కాకపోతే రెండొందల ఏళ్ల నాటి కరణం రాసిన కాగితం ముందు పెడితే పదానికీ పదానికీ సందుండదు, వాక్యానికి చుక్క ఉండదు, అక్షరం అక్షరాన్ని పట్టుకుని వేలాడుతుంటుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న అమెరికా అమ్మాయి తడుముకుంటూనైనా చదివేస్తుంటుంది. ఏం సిగ్గుపడకండి. "మా ఇంట్లో తెలుగే" అని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

తారీకులతోనూ ఇంతే. శకం, హిజ్రీ, ఫసలీ అని రకరకాలుంటాయి. మన పాత పహాణీల్లో కనిపించే ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మీరు ఏదీ కలపకండి. 1210 ఫసలీ కాగితాన్ని గణపతిదేవుడి కాలానిదని ప్రకటించేస్తే పత్రికలవాళ్లు ఫొటో వేస్తారు.

8. ఆర్కైవ్స్‌కి సంతకెళ్లినట్టు వెళ్లండి

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్ల కింది గుమాస్తాలు ఊరూరా తిరిగి పోగుచేసిన సరంజామాలో కొంత అక్కడికే చేరింది. రీడింగ్ రూములోకి పెన్ను, నీళ్ల సీసా, చేతిసంచీ పట్టుకెళ్లి గుమ్మం దగ్గర వాదన పెట్టుకోండి. పెన్సిలే తేవాలని, సామాన్లు లాకర్లో పెట్టి కావలసినవి మాత్రం పారదర్శకమైన సంచీలో తెచ్చుకోవాలని వాళ్లు చెబుతారు. వినకండి. లోపలికి వెళ్లాక చదవడం మానేసి ఫోనుతో ఫొటోలు దంచేయండి. ఏ కట్ట, ఎన్నో కాగితం అని రాసుకోవద్దు. ఇంటికొచ్చాక పసుపుపచ్చటి కాగితాల బొమ్మలు వేలకొద్దీ ఉంటాయి, ఒక్కటీ ఎక్కడిదో తెలియదు. మనశ్శాంతికి అంతకన్నా ఏం కావాలి?

బయల్దేరే ముందు లైబ్రరీ తెరిచి ఉందో లేదో కనుక్కోవద్దు. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి పనిచేయలేదు. అప్పుడు టికెట్లు కొనుక్కున్నవాళ్లు లండన్ బాగా చూశారు.

ముఖ్యంగా, మెకంజీ పోగుచేయించిన ఊరి చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, పెద్ద వాటా చెన్నైలోనే ఉండిపోయిందని ఎవరికీ చెప్పకండి. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయనీ, వాటి కోసం విదేశీ పరిశోధకులు హైదరాబాదు వస్తారనీ కూడా. తార్నాక సిటీ బస్సులో వెళ్లే చోటు. అక్కడికెళ్తే వీసా స్టాంపు పడదు.

తిరకాసు ఇంకోవైపూ ఉంది. మనకు గోధుమలు అమ్మినందుకు వచ్చిన రూపాయల్లో కొంత పెట్టి అమెరికా 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని తన విశ్వవిద్యాలయాలకు పంపింది. పీఎల్ 480 అంటారు దాన్ని. మన ఊరి గ్రంథాలయంలో చెదలు తిన్న తెలుగు నవల షికాగోలో అట్ట చెదరకుండా దొరకడానికి కారణం అదే. ఇది తెలిస్తే లైబ్రరీలో కూర్చోబుద్ధవుతుంది. తెలుసుకోకండి.

9. తీర్పు ముందు, ఆధారం తర్వాత

ఇదే అన్నిటికన్నా పనికొచ్చే సలహా. కృష్ణదేవరాయలు మావాడే, రుద్రమదేవి మా ఇంటి ఆడపడుచే అని బయల్దేరే ముందే ఖాయం చేసుకోండి. తర్వాత దానికి సరిపడే కాగితాలు మాత్రమే చూడండి. ఈ కాగితం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి మెప్పు కోసం రాశారు అని అక్కడి ప్రొఫెసర్లు వారం వారం చంపుతారు. రాయవాచకమే తీసుకోండి. కృష్ణరాయల కొలువును కళ్లారా చూసినవాడు రాసినట్టే ఉంటుంది. వాగనర్ వచ్చి, కాదు, రాయలు పోయిన చాన్నాళ్లకు, సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల కొలువులో పుట్టిందన్నాడు. అలాగని దాన్ని పారేశాడా? లేదు. విజయనగరం పతనమయ్యాక తమ అధికారానికి అర్థం వెతుక్కుంటున్నవాళ్ల మనసు తెలియాలంటే ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదన్నాడు. చూశారా, ఒక్క పుస్తకాన్ని "ఎవరి కోసం?" అని అడిగితే మధుర దాకా నడవాల్సొచ్చింది. మనకు అంత ఓపిక ఎక్కడిది?

సెమినార్లకు వారానికి మూడొందల పేజీలు చదవమంటారు. గైడు దొరకదు. ఏఐని అడిగితే సారాంశంతో పాటు ఫుట్‌నోట్లు కూడా ఇస్తుంది. అందులో సగం పుస్తకాలు ఎవరూ రాయనివి కావచ్చు. లేని పుస్తకాన్ని ఖండించడం ఎవరి తరమూ కాదు.

10. ఒక రోగంతో జాగ్రత్త

ఇన్ని సలహాలు విన్నా కొందరికి ప్రశ్న తగులుకుంటుంది. లక్షణాలు చెబుతాను. మొదట ఓ మధ్యాహ్నం భోజనం మర్చిపోతారు. కైఫీయతులో తమ తాలూకా ఊళ్ల పేర్లు కనిపించాయంటారు. ఆ ఏడు చెరువు తెగితే కట్ట ఎవరు పోశారని రాత్రంతా ఆలోచిస్తారు. వచ్చే సెమిస్టరుకు పారశీకంలో చేరతారు. ఆ తర్వాత చెన్నై, తార్నాక, హేగ్ అంటూ పలవరిస్తారు. ర్యాంకు ఊసెత్తరు. చివరికి, తమకు పగలైతే ఇక్కడ అర్ధరాత్రని మర్చిపోయి, ఇండియాకి ఫోను చేస్తారు.

ఆ ఫోను ఎత్తకండి. ఎత్తారో, తాతగారి అటక మీద ఉన్న దస్తావేజుల పెట్టె దించి, దుమ్ము దులిపి, ఒక్కో కాగితం ఫొటో తీసి పంపమంటారు. అంతటితో ఊరుకోరు. ఏది ఏ కట్టలోదో అంకె వేయమంటారు.