ఓటీపీ పంపే అయ్యగారికి

మహారాజశ్రీ ఓటీపీ పంపే అధికారి గారి సముఖమునకు,

నర్సీపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది. తమరు అమరావతిలో ఉంటారో ఢిల్లీలో ఉంటారో, అసలు మనిషో యంత్రమో తెలియక ఈ ఉత్తరం పత్రికకి పంపుతున్నాను. మొన్న సోమవారం మా నాన్నగారి నంబరుకి తమరు ఆరంకెల కబురొకటి పంపారు. చాలా సంతోషం. ఆయన పోయి నెలలు గడిచాయి.

ఏ ఆఫీసో చెప్పను. కౌంటర్లో కుర్రాడిది తప్పేం లేదు, మర్యాదస్తుడు. "కనెక్షను అమ్మగారి పేరుకి మారాలంటే పాత నంబరుకెళ్లిన ఓటీపీ చెప్పాలి సార్" అన్నాడు. ఆయన లేరు బాబూ, అందుకే కదా మార్చమంటున్నాం అన్నాను. డెత్ సర్టిఫికెట్ అప్పటికే అతని చేతిలో ఉంది. "అది అప్‌లోడ్ చేసేశానండి. ఓటీపీ కొట్టకపోతే తర్వాత పేజీ రాదు." ఫోనుందా అని అడిగాడు. ఉంది. బటన్ల ఫోను, ఐదో అంకె అరిగిపోయింది, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు. సిమ్మే పోయింది, రీచార్జి చేయించేవాళ్లు లేక. కొత్త సిమ్ము ఇప్పించమని అబీద్ సెంటర్ వైపు ఒక షాపుకెళితే, ఎవరి పేరు మీదుందో వాళ్లొచ్చి వేలిముద్ర వెయ్యాలన్నారు.

ఏ వేలు వెయ్యమంటారండీ? అస్థికలు గోదావరిలో కలిపేశాం. ముందే చెప్పుంటే ఒక వేలు దాచుకునేవాళ్లం!

ఆయన పోయారని తమకి తెలీదా? బ్రహ్మాండంగా తెలుసు. పింఛనుకి తెలిసింది. సచివాలయం వాళ్లు గుమ్మంలోకొచ్చి, దండేసిన ఫొటో చూసి, రాసుకుని వెళ్లారు. 4,000 రూపాయలు ఆ నెలే ఆగిపోయాయి. ఆపడానికి ఏ ఓటీపీ అడగలేదు. పోనీ అదొక్కటీ మంచే చేశారు. 2024 నవంబరు నుంచి పింఛనుదారుడు పోతే భార్యకి మార్చే ఏర్పాటు పెట్టారు, అమ్మకీ వచ్చింది. చేతులెత్తి దండం పెడుతున్నాం. అక్కడ చేతనైంది మిగతాచోట్ల ఎందుకు చేతకాదు?

1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దేశం మొత్తానికి ఒకే డేటాబేస్ అన్నారు. ఆధార్, రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసేవాళ్లు దాన్ని వాడుకోవచ్చని కూడా రాశారు. రాశారు, సంతోషం. చావు కబురు ఆఫీసాఫీసుకీ మోసే పని మాత్రం ఇంకా మాదే. ఇంగ్లండులో 'టెల్ అస్ వన్స్' అని ఒకటుంది. ఒక్కసారి చెబితే పింఛను, పన్ను, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వాళ్లందరికీ సర్కారే చెప్పుకుంటుంది. ఆ దొరల దగ్గర గుమాస్తాగిరీ అంతా నేర్చుకున్నాం గానీ, ఇది వదిలేశాం.

ఎలాగూ మొదలెట్టాను కాబట్టి ఇంకో రెండు ముక్కలు. చావుని 21 రోజుల్లో నమోదు చేయించాలి, దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పైవాళ్ల అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. అందులో పెద్దకర్మ అయ్యేదాకా మైల. కర్మ చేసే కొడుకు ఆఫీసులెక్కడు. మిగిలిన రోజుల్లోంచి ఆదివారాలు, రెండో శనివారం, సర్వర్ పనిచెయ్యని పూటలు తీసెయ్యండి. పోయిన చోటే నమోదు అన్నది చట్టం. కాబట్టి నర్సీపట్నం మనిషి విశాఖ ఆస్పత్రిలో పోతే కాగితం విశాఖలోనే, 80 కిలోమీటర్ల అవతల. కొయ్యూరు, చింతపల్లి వాళ్ల పాట్లు ఇంకా ఘోరం. 2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా, వాళ్లది అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇక్కడ ఆస్పత్రిలో పోతే డెత్ సర్టిఫికెట్ ఈ జిల్లాలో, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఆ జిల్లా తహసీల్దారు దగ్గర. ఏ కాగితం ముందు చూపించాలో ఎవర్నడిగినా రెండోదంటారు.

శవాన్ని ఇంటికి చేర్చే బండి సంగతి ఎత్తను. ఎత్తితే 2022 ఏప్రిల్లో తిరుపతి రుయా ఆస్పత్రి నుంచి కొడుకు శవాన్ని బైకు మీద తీసుకెళ్లిన తండ్రి, 2023 ఫిబ్రవరిలో విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి నుంచి పసికందు శవాన్ని స్కూటీ మీద పాడేరు దాకా మోసుకెళ్లిన మన్యం దంపతులు గుర్తొస్తారు. వాళ్ల ముందు నా ఓటీపీ గోల నాకే సిగ్గుగా ఉంది. అయినా అడుగుతాను. ఇంట్లో అడగడానికి మిగిలింది నేనే.

అయ్యా, కోపంలో ఏదేదో రాశాను, మనసులో పెట్టుకోకండి. మీ తెర మీద 'రీసెండ్' అని ఒక బటన్ ఉంటుంది కదా. దాని పక్కన 'ఈ వ్యక్తి మరణించారు' అని ఇంకో బటన్ పెట్టించండి, చాలు. అది నొక్కితే సర్టిఫికెట్ నంబరు అడగండి, మీ దగ్గరున్న రికార్డే కాబట్టి మీరే సరిచూసుకోండి. తర్వాత ఆ ఆరంకెలూ అమ్మ ఫోనుకి పంపండి. నంబరు దరఖాస్తులో రెండు చోట్ల రాసిచ్చాం. గడువు కూడా కాస్త పెంచండి. కళ్లజోడు వెతుక్కునేలోపే మీ టైము అయిపోతోందండి ఆవిడకి.

ఇట్లు,
తమ విధేయుడు, నర్సీపట్నం