టెక్సస్ గిన్నె, దొడ్డమ్మ నిప్పులు

కార్తీకమాసంలో సఖినేటిపల్లి వచ్చే అమెరికా అల్లుళ్ళు బాదంపప్పు, చాక్లెట్లు, మోకాళ్ళనొప్పుల మందు తెస్తారు. మా దొడ్డమ్మ అల్లుడు, అంటే మా డాలస్ బావ, తొమ్మిది కిలోల పోత ఇనప గిన్నె తెచ్చాడు. విమానంవాళ్ళు పెట్టెకి ఇచ్చేదే 23 కిలోలు. అందులో తొమ్మిది ఇనుముకే పోతే చాక్లెట్ల గతేమిటో పిల్లల మొహాలు చూస్తే తెలిసింది. నరసాపురంలో రైలు దిగి రేవులో పంటు ఎక్కుతుంటే, "లంగరా బాబూ?" అని ఎవరో మర్యాదగా అడిగారట.

ఆ గిన్నెని డచ్ ఓవెన్ అంటారు. మూడు కాళ్ళు, బకెట్టుకున్నట్టు తీగ చెయ్యి, చుట్టూ గట్టు కట్టిన మూత. కింద నిప్పులు, మూత మీదా నిప్పులు. అడివిలో గుడారం వేసుక్కూచున్నా రొట్టె కాల్చుకోవచ్చు. యూటా రాష్ట్రం 1997లో, టెక్సస్ 2005లో దీన్ని తమ అధికారిక వంటపాత్రగా ప్రకటించాయి. మనం పక్షికీ, చెట్టుకీ ఆ హోదా ఇచ్చాం కానీ, ఇన్ని పెళ్ళిళ్ళు గట్టెక్కించిన గుండిగని ఎవరూ పట్టించుకోలేదు.

బావ ప్రణాళిక: రాత్రికి కొబ్బరితోటలో గుడారం, గిన్నెలో కోడి.

దొడ్డమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. గుమ్మం పక్కన నిలబడి, ఆయనకి వినబడేలా నాతో మాట్లాడుతుంది. "ఒరేయ్, కార్తీకమాసంలో నీచేవిటని అల్లుడుగారితో చెప్పు. కొబ్బరిచెట్ల కింద పడుకుంటే తెల్లారేసరికి ఏ కాయ ఎవరి నెత్తిన పడుతుందో కూడా కనుక్కో."

అలా కోడీ, గుడారమూ ఒకే వాక్యంలో ఎగిరిపోయాయి. అయినా గోదారి పక్కనున్నవాళ్ళకి ఈ కేంపింగు కొత్తా? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు లంకలవాళ్ళంతా ఏటిగట్టు మీదే కదా వండుకు తిన్నది. దానికి ఎవరూ సెలవు పెట్టి వెళ్ళలేదు.

చివరికి తోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనానికీ, గిన్నెలో దిబ్బరొట్టెకీ రాజీ కుదిరింది. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, జీలకర్ర, ఉప్పు. బావ ఫోను తీశాడు. పన్నెండంగుళాల గిన్నెకి 24 బొగ్గు బిళ్ళలు కావాలట, పైన 16, కింద 8. మా ఊళ్ళో బిళ్ళలేవీ? కొబ్బరి చిప్పలున్నాయి. చిప్పకీ చిప్పకీ సైజు కలవదు, మంట మాత్రం భగ్గుమంటుంది. దొడ్డమ్మ చిప్పల్ని రాజేసి, మంట చల్లారి కణకణలాడే దాకా ఆగింది. గిన్నెలో నూనె ధారాళంగా పోసి, పిండి వేసి, మూత పెట్టింది. కింద నాలుగు నిప్పులు ఉంచి, మిగతావన్నీ మూత మీదకి ఎగదోసింది. మధ్యలో ఒకసారి మూతకి జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి చూసి, "ఇంకాస్త" అంది. థర్మామీటరు పట్టుకున్న బావ దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

మూత తీసేసరికి రొట్టె పైనా కిందా ఒకే ఎరుపు. తిరగెయ్యలేదు, మాడలేదు. కత్తి దిగుతుంటే పెంకు కరకరమంది, లోపల మెత్తగా పొగలు. చెరుకు పానకంలో అద్దుకుని తింటూ బావ గిన్నె గొప్ప చెప్పబోయాడు. దొడ్డమ్మ నావైపు తిరిగి, "మా అత్తగారు ఇనప మూకుడు మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, దాని మీద నిప్పులు పోసి ఇలాగే కాల్చేవారని చెప్పరా" అంది. బావ దిగాలుపడి, సబ్బు మాత్రం పెట్టొద్దన్నాడు. "దోసెల పెనానికి నేనెప్పుడు పెట్టానురా సబ్బు?"

అయితే న్యాయం న్యాయమే. పళ్ళెం ఎత్తినప్పుడల్లా రొట్టె మీద బూడిద రాలేది. గ్యాసొచ్చాక పైనిప్పుల గొడవే పోయింది, దాంతో తిరగేసిన రొట్టెకి ఒకవైపు మాడు ఖాయమైంది. ఈ మూతకి గట్టుంది కనక నిప్పు జారదు, బూడిద రాలదు. గిన్నె పేరులోని డచ్ అంటే హాలండువాళ్ళే. ఇంగ్లండులో ఏబ్రహాం డార్బీ అనే ఆయన హాలండు వెళ్ళి అక్కడి పోత పని చూసొచ్చి, 1707లో ఇసక అచ్చుల్లో ఇనప గిన్నెలు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ హాలండువాళ్ళు 17వ శతాబ్దంలోనే మా ఏటి అవతల నరసాపురంలో, పాలకొల్లులో మకాం పెట్టి మన బట్టలు ఓడలకెత్తుకుని పోయారు. అంత వ్యాపారం చేసినవాళ్ళు ఒక్క గట్టు మూత ఇచ్చి పోవాలని తోచలేదు!

కాబట్టి వచ్చే కార్తీకానికి బయల్దేరే అల్లుళ్ళకి మనవి: మూకుళ్ళు మాకున్నాయి. మూత ఒక్కటే తెండి. గట్టు మాత్రం అంగుళానికి తగ్గకూడదు.