వేదిక మీద బూడిద తెగులు

సదస్సులో పత్రం చదవడానికి పది నిమిషాలని ఆహ్వానంలో వేస్తారు. ఆ పదీ ఆహ్వానంలోనే ఉంటాయి. ముఖ్య అతిథి దయచేయాలి, జ్యోతి వెలగాలి, ఏసీ గాలికి ఆరిపోయి మళ్లీ వెలగాలి. నా వంతు వచ్చేసరికి అధ్యక్షులవారు గంట మీద చెయ్యేసి "క్లుప్తంగా కానివ్వండి" అన్నారు. వారమైంది, ఆ గంట ఇంకా చెవిలో మోగుతూనే ఉంది.

అసలు కాలాన్ని తినేసింది బొకేలు. ఇచ్చేవాళ్లని పేరుపేరునా పిలవాలి, వాళ్లు వెనక వరుసల్లోంచి కాళ్లు తొక్కుకుంటూ రావాలి, ఫొటోగ్రాఫరు "సార్, ఇటు" అనాలి. పుచ్చుకున్న పెద్దమనిషి మరుక్షణం దాన్ని బల్ల కిందికి తోసేయాలి. అందులో ఒక బొకే మీద నా చూపు పడింది. గులాబీ ఆకుల మీద తెల్లటి పొడి. బూడిద తెగులే, అనుమానం లేదు. పక్కాయన కూడా మెడ చాచి చూసి "పోడోస్ఫీరా" అని ఆ శిలీంధ్రం పేరు గొణిగాడు. ఆయన పక్కాయన "కాదు, పైకప్పు సున్నం రాలింది" అన్నాడు. మొక్కల తెగుళ్ల మీద డాక్టరేట్లు చేసినవాళ్లం వరుసంతా వాదించుకుంటుంటే, పొదుపరులైన నిర్వాహకులు అదే బొకేని బల్ల కిందనుంచి తీసి ఇంకొకరికి ఇప్పించారు. తర్వాత మరొకరికి. ఈ శిలీంధ్రం మొలకెత్తడానికి ఆకు మీద తడి కూడా అక్కర్లేదు, బీజాలు గాల్లో పోతాయి. ఆ గాలిని మేమే చప్పట్లు కొట్టి సమకూర్చాం. తెగులు వ్యాప్తికి ఇంత చక్కటి నమూనా నా స్లైడ్లలో లేదు.

ఇంతకీ నా పత్రం వేరుశనగలో కాండం కుళ్లు వైరస్ గురించి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా సోకి, 300 కోట్ల రూపాయలకు పైగా ముంచిన తెగులు. వైరస్ వయ్యారిభామ అనే కలుపు మొక్క ఒంట్లో ఉంటుంది, పైకి ఏ జబ్బూ కనబడదు. దాని పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆకుని గీకిన చోట వైరస్ లోపలికి దూరుతుంది. ఇంతవరకు చెప్పానో లేదో, గంట. ఆపైన ఒకాయన లేచి "ఇది ప్రశ్న కాదు" అని మొదలుపెట్టి తన పీహెచ్‌డీ కథంతా వినిపించారు. ఆయనకి గంట లేదు.

రైతులనీ పిలిచారు. టోపీ, సంచీ ఇచ్చి వెనక కూర్చోబెట్టారు. మేం మాట్లాడింది ఇంగ్లీషు. భోజనాల వరుసలో ఒక పెద్దాయన "దీనికేం మందు కొట్టల్ల సార్?" అన్నాడు. సోకినాక మందు లేదన్నాను. "కొట్టాయన మూడు రకాలిచ్చినాడే!" అన్నాడు. నేను ప్లేటు వైపు చూశాను. గట్టు మీది వయ్యారిభామని పూతకు రాకముందే పీకేయమనీ, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేయమనీ చెప్పాను.

"నా గెనెం మీదిది నేను పీకుతా. రోడ్డు పక్కనుండేది ఎవరు పీకల్ల?"

అది పంచాయతీ పని. సదస్సుకి పంచాయతీ వాళ్లని ఎవరూ పిలవలేదు.