పల్లెపాడు కిరాయి

నేను ఆటోని. పుట్టింది మహారాష్ట్రలో అయినా అరిగింది మాత్రం కోవూరులోనే. నా నంబరు ఏపీ 26తో మొదలవుతుంది. ఇప్పుడొచ్చే బండ్లకు జిల్లాకో నంబరు లేదు గనక, చూడగానే నెల్లూరు బండినని, వయసు మళ్ళిందని కూడా కనిపెట్టేస్తారు.

నా బతుకంతా పెన్నకు అటూ ఇటూ. కోవూరులో ఎక్కించుకోవడం, వంతెన దాటి నెల్లూరులో దించడం. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోతే నాలాంటి వాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయాం.

ఆదివారం కిరాయిల్లో నాకిష్టమైనది పల్లెపాడు. ఓట్ల లెక్కలో అది మా కోవూరు నియోజకవర్గమే గానీ, ఉన్నది ఇందుకూరుపేట మండలంలో, పెన్నకు దక్షిణ గట్టున. నెల్లూరు మీదుగా చుట్టి పోవాలి.

"అక్కడ పార్కేమన్నా ఉందా అబ్బయా?" అని ఎక్కేవాళ్ళు అడుగుతారు.

"ఆశ్రమం పెద్దమ్మా. గాంధీగారే వచ్చి తెరిచింది" అంటాడు మా డ్రైవరు.

1921 ఏప్రిల్ 7న మొదలైన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య పూనుకున్నారు. పొణకా కనకమ్మ భూమి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీకి అండగా నిలిచిన పార్సీ రుస్తుంజీ 10,000 రూపాయలిచ్చాడు. ఎక్కడి డర్బన్, ఎక్కడి పల్లెపాడు! చదువుకున్నవాళ్ళు ఊళ్ళు వదిలి ఈ ఏటిగట్టుకు చేరారు. నూలు వడికారు, ఖద్దరు కట్టారు, అంటరానితనం వద్దని ఊళ్ళో వాళ్ళకు చెప్పారు. పెట్టిన కొన్నేళ్ళకే హనుమంతరావు పోయారు. అలా కాపురమున్న జనం ఇప్పుడు లేరు, చూడ్డానికి వచ్చేవాళ్ళే ఉన్నారు.

వచ్చినవాళ్ళు ఫొటోలు దిగుతారు, చెట్టు కింద పులిహోర విప్పుతారు, "ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దస్తమానం రాట్నాలు తిరిగిన చోటు ప్రశాంతంగా ఎందుకుంటుంది? అది పనిచోటు. నాకు పని విలువ తెలుసు గనక చెబుతున్నాను, వచ్చిన పిల్లలందరి చేతా కాసేపు నూలు తీయించాలి. తెగితే తెగుతుంది.

మొన్నొక పిల్లవాడు దారం ఎట్లా వస్తుందని అడిగాడు. వాళ్ళ నాన్న ఫోను తీశాడు. మా డ్రైవరు ఆగలేకపోయాడు. వాడిది పాటూరు. ఇంట్లో మగ్గం ఉండేది, దాని మీద కూడు పుట్టడం లేదని నా స్టీరింగు పట్టుకున్నాడు. నా సీటు మీదే కూర్చుని దూది ఏకడం మొదలు చెప్పాడు. పడుగు ఏది, పేక ఏది, తెగిన పోగును వేళ్ళ మధ్య ఎట్లా కలపాలి, అన్నీ చేతులు తిప్పి చూపించాడు. పిల్లవాడు మళ్ళీ మళ్ళీ అడిగాడు, వీడు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వాళ్ళతో వచ్చిన పెద్దమ్మ కూడా పులిహోర వదిలి వచ్చి వింది.

ఆ సందట్లో వెయిటింగ్ చార్జీ అడగడం మర్చిపోయాడు. వంతెన మీదికొచ్చాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు గానీ, అడగలేదు.