‘ఏదో ఒక అంకె వేసుకోండి’ అన్న ఇంజినీరు గారికి

మహారాజశ్రీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారి దివ్య సముఖమునకు,

సివిల్ ఆఖరి సంవత్సరం చదువుతున్న నలుగురు విద్యార్థులు సవినయంగా రాసుకుంటున్న విన్నపం. తమరు క్షేమమని తలుస్తాం. తలవడమేమిటి, మొన్న అక్టోబరు 13న మా కాలేజీ ఆడిటోరియంలో కళ్లారా చూశాం. అంతర్జాతీయ విపత్తు ముప్పు తగ్గింపు దినోత్సవానికి ముఖ్య అతిథి తమరే. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, జ్యోతి ఆరిపోకుండా ఫ్యాన్లన్నీ ఆపారు. ఆ ఉక్కలోనే తమరు సెలవిచ్చారు: “యువత పరిశోధనకు ముందుకు రావాలి. విపత్తులను తట్టుకునే కట్టడాలు మీ బుర్రల్లోంచే పుట్టాలి. మా ఆఫీసు తలుపులు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి.” తలుపుల సంగతి అక్షరాలా నిజం. వాటి పక్కనున్న బల్ల మీద కూర్చుని ఇన్నాళ్లుగా చూస్తున్నాం, అవి మూయగా మేమెప్పుడూ చూడలేదు.

ఆ బల్ల మీద మేమెందుకు కూర్చున్నామో తమరికి గుర్తుండకపోవచ్చు. మా ప్రాజెక్టు వరద మోడల్‌కు కావాల్సిన గేజీ రిజిస్టరు కోసం. ఒక్క వాగుది, ఒక్క రెగ్యులేటర్ దగ్గరిది, పదేళ్లది.

పరిశోధనకు ముందుకు రావాలట! వచ్చాం కదా సార్. వస్తే ఏమైంది? బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలన్నారు, తెచ్చాం. ప్రిన్సిపాల్ గారి లెటర్ అన్నారు, తెచ్చాం. లెటర్ మీ హోదాకు కాక మీ పేరుకు రాశారన్నారు, మార్పించి తెచ్చాం. అప్పటికి సెక్షన్ గుమాస్తా గారు లీవులో ఉన్నారు. వారొచ్చాక బీరువా తాళం లీవులో ఉంది. తాళం దొరికాక పైనుంచి పర్మిషన్ కావాలన్నారు. పైకి వెళితే, అది కిందవాళ్లే ఇస్తారు కదా అన్నారు.

విసుగొచ్చి పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ఎందుకు అడుగుతున్నారో తెలపండి అని జవాబొచ్చింది. కారణం చెప్పనక్కర్లేదని ఆ చట్టంలోనే, సెక్షన్ 6(2)లో ఉంది సార్. టైపు కొట్టినవారికి కాకపోయినా సంతకం పెట్టినవారికైనా తెలిసి ఉండాల్సింది. సరే, పోనీ అని కారణం కూడా రాసి పంపాం. ఈసారి 8(1)(ఎ) వచ్చింది. దేశ సార్వభౌమత్వం, భద్రత! సింధు, గంగ, బ్రహ్మపుత్ర నీటి లెక్కలు కేంద్రం గుట్టుగా ఉంచుతుంది, సరిహద్దు దాటే నదులు కాబట్టి ఉంచనివ్వండి. కృష్ణా గోదావరి లెక్కలు కేంద్ర జలసంఘమే బయటపెడుతోంది. మన వాగు ఏ సరిహద్దు దాటుతోంది? బైపాస్ రోడ్డు దాటాలి, అదైనా సరిగ్గా దాటలేక పక్కనున్న కాలనీల్లోకి పోతోంది.

ఇంతా చేసి ఆ రిజిస్టరులో ఏముంటుంది? ఎడమ పక్క తేదీ, వేళ, మధ్యలో నీటిమట్టం, చివర లస్కర్ సంతకం. ఆ గేజీ రెగ్యులేటర్ స్తంభం మీద పెయింటుతో బహిరంగంగా గీసే ఉంది. బర్రెలు తోలుకెళ్లే కుర్రాడు కూడా చదువుకోవచ్చు. రెండు మీటర్ల గీతకీ మూడు మీటర్ల గీతకీ మధ్య మాత్రం చదవలేడు, అక్కడ ఎవరో నాయకుడి పుట్టినరోజు పోస్టరు అంటించారు. వరదొస్తే నీళ్లు నిలబడేది సరిగ్గా ఆ పెద్దమనిషి మెడ దగ్గర.

ఇంత జరిగినా ఈ ఉత్తరం రాసేవాళ్లం కాదు. ఆఫీసులంటే ఇంతే అని ఊరుకునేవాళ్లం. కానీ మీరు ఒకరోజు మమ్మల్ని లోపలికి పిలిచి, టీ ఇప్పించి, ఎంతో ప్రేమగా, “బీటెక్ ప్రాజెక్టుకి ఇంత పట్టుదలేంటయ్యా, ఎవరు చూస్తారు? ఏదో ఒక అంకె వేసుకోండి” అన్నారు చూడండి, అది మాత్రం గొంతు దిగడం లేదు. అదే నోటితో మొన్న మైకులో పరిశోధన అన్నారు.

ఏ అంకె వేసుకోమంటారు? మీరే సెలవివ్వండి. వాగు శుభ్రంగా ఉంటే, దాని గరుకుదనాన్ని చెప్పే మ్యానింగ్ గుణకం 0.03 వేయమని క్లాసులో చెప్పారు. మన వాగు నిండా గుర్రపుడెక్క, దాని మీద కొంగలు నడుస్తున్నాయి. 0.06 వేయాలా, ఇంకా పైకి పోవాలా? మన వాగులాంటి వెడల్పాటి వాగులో 0.03 బదులు 0.06 వేస్తే, అదే వరద, అదే వాలు, లోతు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. రెండు మీటర్లు నిలిచే చోట మూడు. రెండంటే కిటికీ మునిగింది. మూడంటే డాబా ఎక్కాలి. డాబా లేనివాళ్లు ఎక్కడికి ఎక్కాలో మా సాఫ్ట్‌వేర్ చెప్పదు. ఈ రెండింటిలో ఏది నిజమో తేలాలంటే మోడల్ చూపించిన మట్టాన్నీ లస్కర్ రాసిన మట్టాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అది లేకుండా మేం చేసేది ఉత్త రంగుల బొమ్మ. బైండింగు చేయించి, బంగారు రంగు అక్షరాలు కొట్టించి మీకే ఒక కాపీ ఇస్తాం.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రైవ్స్ సూత్రం ఉండనే ఉందంటారా? పరీవాహక విస్తీర్ణం వేసి, సముద్రానికి దగ్గరా, కొండలకు దగ్గరా చూసుకుని ఒక గుణకం పెడితే వరద వచ్చేస్తుంది. అప్పుడు పైన చెరువులున్నాయి, ఇప్పుడు వెంచర్లున్నాయి. సూత్రానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? బైపాస్ కింద నాలుగు తూములు ఏ లెక్కన వేశారని అడగబోతే, అది మాది కాదు, రోడ్లవాళ్లది అంటారు. తూముల్లో పేరుకున్న పూడిక మున్సిపాలిటీది. తూములకు అడ్డంపడ్డ గుర్రపుడెక్క ఎవరిదో ఇంకా తేలలేదు.

అంకెలు తప్పితే ఏమవుతుందో మాకంటే మీకే బాగా తెలుసు. 2021 నవంబరు 19. పైన పింఛా కట్ట తెగి, ఆ నీళ్లు కూడా చెయ్యేరులో అన్నమయ్య ప్రాజెక్టు మీదికొచ్చాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. మట్టికట్ట కొట్టుకుపోయింది, కింద పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊడ్చుకుపోయాయి. దివిసీమ ఉప్పెన వచ్చింది కూడా నవంబరు 19నే, 1977లో. అప్పట్లో ఊళ్లకు కబురందే దారి లేదని సరిపెట్టుకున్నాం. చెయ్యేరుకి ఏం చెప్పి సరిపెట్టుకోవాలి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మేం మూడో సంవత్సరంలో ఉన్నాం. మళ్లింపు కాలువకు పడ్డ గండ్లు పూడ్చడానికి సైన్యం గేబియన్ బుట్టలతో దిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బోట్లు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర తగులుకున్నాయి. ఆ వారం టీవీలో ప్రతివాడూ హైడ్రాలజీ ప్రొఫెసరే. మన వాగు సంగతేంటి అని హాస్టల్లో మేం మాట్లాడుకున్నదీ ఆ రాత్రుల్లోనే. ఈ ఆగస్టు చివర్లో కాలనీలను ముంచి వాగే జవాబు చెప్పింది.

సెప్టెంబరు 15న మీ ఆఫీసు వరండాలో విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి బంతిపూల దండ వేశారు. మేం ఆ రోజూ బల్ల మీదే ఉన్నాం, ప్రసాదం కూడా తిన్నాం. 1908లో మూసీ హైదరాబాదును ముంచేస్తే ఆయన్ని పిలిపించారు. ఆయన వచ్చి ఏదో ఒక అంకె వేసుకోలేదు సార్. మూసీ పరీవాహకంలో చెరువులు 788, అందులో తెగినవి 221 అని లెక్క తేల్చారు. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఇవాళ ఆయనే మీ ఆఫీసుకొస్తే బోనఫైడ్ అడుగుతారు.

రిజిస్టరు దొరక్క, దాన్ని నింపే లస్కర్ గారి దగ్గరికే పోయాం. “ఆ రాత్రి గేజీ ఎక్కడ చూశాను బాబూ, టార్చి వేస్తే నీళ్లు తప్ప గేజీ కనపడలా. గది మెట్లు ఎన్ని మునిగాయో చూసి ఫోన్లో చెప్పా” అన్నారు. ఆ మెట్టు చూపించారు. టేపు పెట్టి కొలుచుకున్నాం. మీ శాఖలో మాకు దక్కిన ఒకే ఒక్క కొలత అది. ఇచ్చినాయనకు జీతం పడి నెలలైందట. ఔట్‌సోర్సింగు. దాని గురించి ఇంకో బహిరంగ లేఖ రాయాలి.

ఇక మిగిలింది కాలనీలో గోడలు. ఆటో లెవెల్ అద్దెకు తెచ్చుకున్నాం. మా కాలేజీలో టోటల్ స్టేషన్ ఉంది. తనిఖీ బృందం వచ్చిన రోజు బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెడతారు. ఇంటింటికీ స్టాఫ్ పట్టుకుని తిరుగుతుంటే ఒక మామ్మ గారు లోపలికి పిలిచి స్విచ్‌బోర్డు పైన బెత్తెడు ఎత్తులో బురద గీత చూపించారు. అది చెరిగిపోతుందేమోనని దాని పక్కనే బొగ్గుతో ఇంకో గీత గీసి పెట్టారు. “కొలుచుకోవడానికి ఎవరో ఒకరు రాకపోతారా అని ఉంచా నాయనా. మీరు గవర్నమెంటువాళ్లా?” అనడిగారు. కాదు మామ్మ గారూ, చదువుకునేవాళ్లం అన్నాం. ఆవిడ ముఖంలో కొంచెం నిరుత్సాహం కనిపించింది, అయినా మజ్జిగ ఇచ్చారు. పక్కింటివాళ్లు దసరాకే వెల్ల వేయించేశారు. వాళ్ల గోడనడిగితే వరదే రాలేదు. మిగతా గోడలు సంక్రాంతికి పోతాయి. ఆ తర్వాత సాక్ష్యమంటూ ఉంటే మీ బీరువాలోనే.

ఐరోపావాళ్ల సెంటినెల్ ఉపగ్రహం రాడార్ చిత్రాలు ఉచితంగా ఇచ్చింది, ప్రిన్సిపాల్ సంతకం అడగలేదు. వరద మోడల్ చేసే హెక్‌రాస్‌ను అమెరికా సైనిక ఇంజినీర్లు ఊరికే ఇచ్చారు. ముప్ఫై మీటర్ల గడులతో నేల ఎత్తుల పటమూ ఊరికే దొరికింది. అందులో మన వాగు ఒకటిన్నర గడి వెడల్పుంటుంది, అది వేరే ఏడుపు. 2016లో ఢిల్లీలో జరిగిన ఆసియా మంత్రుల సదస్సులో ప్రధాని చెప్పిన పది సూత్రాల్లో ఆరోది, విపత్తుల మీద పనిచేసే యూనివర్సిటీల నెట్‌వర్క్. మొన్న మీరు ఆ పదీ చదివారు. ఆరోదాని దగ్గర మావైపు చెయ్యి కూడా చూపించారు. విపత్తులను తట్టుకునే కట్టడాల కోసమే 2019లో మన దేశం చొరవతో అంతర్జాతీయ కూటమి ఏర్పడిందని, దాని ఆఫీసు ఢిల్లీలోనే ఉందని కూడా చెప్పారు. అక్కడికి వెళ్లి అడగమంటారా?

మా క్లాసులో సగానికి పైగా ఇప్పటికే కోడింగ్ కోచింగుల్లో చేరిపోయారు. “ఒక రిజిస్టరు తెచ్చుకోలేనివాడివి, రేపు డ్యామేం కడతావురా” అని మాలో ఒకడిని ఇంట్లో రోజూ ఆడిపోసుకుంటున్నారు.

సార్, ఇక వెటకారాలు చాలు. నిజంగానే అడుగుతున్నాం. పదేళ్లది వద్దు. ఈ ఆగస్టు ఆఖరి వారం పేజీలు చాలు. రిజిస్టరు బయటికి ఇవ్వొద్దు, గుమాస్తా గారి ఎదురుగానే కూర్చుని చేత్తో రాసుకుంటాం. ఫోన్లు గేటు దగ్గరే పెట్టి వస్తాం. ఆ పేజీలు ఖాళీగా ఉన్నా పర్లేదు, ఖాళీ అని చెప్పండి, అదే రాసుకుంటాం. ఎవరినీ తప్పు పట్టం. ఆ రాత్రి ఆ వానలో ఎవరైనా ఏం రాయగలరు? మాకు తెలియాల్సిందల్లా తూములు నాలుగు చాలతాయా, ఎనిమిది కావాలా అన్నదే. మీరన్నట్టే అంకె వేసుకుని చూశాం కూడా. 0.03 వేస్తే మామ్మ గారి ఇల్లు మా పటంలో ఆకుపచ్చగా వస్తోంది. ఆ పటం పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి ఎలా వెళ్లమంటారు?

గురువారం పదిన్నరకు వస్తాం. జెరాక్సుకు ఒప్పుకుంటే డబ్బులు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
తమ విధేయులు,
నలుగురు సివిల్ విద్యార్థులు

పేర్లు రాయొద్దని మా గైడు గారు చెప్పారు. ఇంటర్నల్ మార్కులు ఇంకా పడలేదు. పైగా వైవాకి ఎక్స్‌టర్నల్‌గా తమరినే పిలుస్తారని వినికిడి.